ప్రైవేట్ హైస్కూల్లో వేస్తే ఐవీ లీగ్ సీటు దగ్గరవుతుందా?

న్యూజెర్సీ నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి అవి వదిలేసి మిగతాది క్లుప్తంగా చెబుతాను.

భార్యాభర్తలిద్దరిదీ గుంటూరు జిల్లా. అమెరికా వచ్చి పదహారేళ్లు. ఆయనది హెచ్-1బి ఉద్యోగ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ పెట్టిన ఐ-140 దరఖాస్తు ఎప్పుడో అప్రూవ్ అయింది, గ్రీన్ కార్డ్ మాత్రం ఇంకా క్యూలోనే ఉంది. ఈవిడ హెచ్-4 ఈఏడీ, అంటే భర్త వీసాను బట్టి వచ్చే పని అనుమతి మీద ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేస్తున్నారు. ఇద్దరి జీతాలూ కలిపి ఏడాదికి 2 లక్షల 60 వేల డాలర్లు. స్కూళ్లు బాగుంటాయని పేరున్న టౌన్‌లో ఏడేళ్ల కిందట ఇల్లు కొన్నారు. ఒక్క ప్రాపర్టీ టాక్సే ఏటా 14 వేల డాలర్లు కడుతున్నారు. అమ్మాయి ఎనిమిదో గ్రేడ్, అబ్బాయి ఐదో గ్రేడ్. ఇద్దరూ ఇక్కడే పుట్టారు.

అమ్మాయికి మార్చి 10న దగ్గర్లోని ఒక ప్రైవేట్ డే స్కూల్లో తొమ్మిదో గ్రేడ్‌కి సీటు వచ్చింది. ఫీజు ఏడాదికి 48 వేల డాలర్లు. ఏప్రిల్ 10 లోగా కాంట్రాక్టు మీద సంతకం పెట్టి డిపాజిట్ కట్టాలి. భర్త పట్టు మీద ఉన్నారు. స్కూలు వాళ్లిచ్చిన పుస్తకంలో గత ఐదేళ్లలో చదువు ముగించిన 550 మందిలో 88 మంది ఐవీ లీగ్ (హార్వర్డ్, ప్రిన్స్‌టన్, కార్నెల్ లాంటి ఎనిమిది పేరున్న ప్రైవేట్ యూనివర్సిటీలు), స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ లాంటి చోట్ల చేరారని ఉందట. ఫీజు లేని టౌన్ పబ్లిక్ హైస్కూల్లో పోయినేడు 420 మందికి 22 మందే. "అక్కడ పదహారు శాతం, ఇక్కడ అయిదు. మూడు రెట్లు తేడా కళ్లముందు కనిపిస్తుంటే డబ్బు చూసుకుంటామా?" అంటారాయన. డల్లాస్‌లో ఉన్న బావగారి (ఆయన అన్నగారి) అబ్బాయి ప్రైవేట్ స్కూల్లో చదివి కార్నెల్‌కి వెళ్లాడు. అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా ఆ మాటే. ఫీజు కోసం మంగళగిరి దగ్గరున్న 200 గజాల స్థలం అమ్మేద్దామని ఆయన ఆలోచన.

ఈవిడకు భయం. ఉద్యోగం పోతే ఏమిటి, రేపు అబ్బాయికీ ఇదే పెట్టాలి కదా, కాలేజీకి ఏం మిగులుతుంది అని. వద్దంటే కూతురి భవిష్యత్తుకు తనే అడ్డం పడినట్టవుతుందేమోనన్న భయం అంతకన్నా ఎక్కువ. అమ్మాయికి మార్కులు బాగానే వస్తాయి. చరిత్ర పుస్తకాలంటే ప్రాణం. మాట తక్కువ. క్లాసులో చెయ్యెత్తదని టీచర్లు మూడేళ్లుగా రాస్తూనే ఉన్నారు. ఏ స్కూలు కావాలని అడిగితే "మీ ఇష్టం" అంటుంది. ఆ ప్రైవేట్ స్కూల్లో ఒకరోజు క్లాసులు చూడటానికి వెళ్లినప్పుడు మాత్రం, పన్నెండు మంది పిల్లలు ఒకే టేబుల్ చుట్టూ కూర్చుని మాట్లాడుకునే హిస్టరీ క్లాసు చూసి, తిరిగొచ్చేటప్పుడు కారులో నలభై నిమిషాలు ఆపకుండా మాట్లాడిందట.

"ఏం చేయమంటారు? ఫీజు సంగతి అమ్మాయికి చెప్పాలా, వద్దా?" అని అడిగారు.

*

అమ్మా, మీ ఉత్తరంలో మూడు పేజీలు కాలేజీల లెక్కలే ఉన్నాయి. కారులో మాట్లాడిన సంగతి చివర్లో, నమస్కారాలకు ముందు ఒక్క వాక్యంలో రాశారు. నేను ఆ వాక్యం దగ్గరకే వస్తాను. కానీ ముందు మీవారి లెక్క తేలాలి. అది తేలకుండా ఇంట్లో ఇంకో మాట ముందుకు సాగదు.

పదహారు శాతం, అయిదు శాతం నిజమే అనుకుందాం. ఆ 88 మంది ఎవరో చూడాలి. పెద్ద ప్రైవేట్ యూనివర్సిటీల్లో చాలావాటికి మామూలు దారి కాక పక్కదార్లు ఉన్నాయి: అమ్మానాన్నలు అక్కడే చదివి ఉండటం, కోచ్ పిలిచి తీసుకునే ఆటగాళ్లు, విరాళాలిచ్చే కుటుంబాలు, అక్కడి ప్రొఫెసర్ల పిల్లలు. అడ్మిషన్లలో వివక్ష ఉందంటూ హార్వర్డ్ మీద నడిచిన కేసులో ఆ యూనివర్సిటీ లెక్కలే కోర్టుకు వచ్చాయి. వాటిని విశ్లేషించిన ఆర్థికవేత్తలు 2019లో తేల్చింది ఏమిటంటే, సీటొచ్చిన తెల్లజాతి విద్యార్థుల్లో 43 శాతానికి పైగా ఈ నాలుగు దారుల్లో ఏదో ఒకదాంట్లో వచ్చినవాళ్లేనని. న్యూజెర్సీలో 48 వేలు ఫీజున్న స్కూల్లో ఇలాంటి కుటుంబాలు మీ టౌన్ హైస్కూల్లో కన్నా ఎక్కువే ఉంటాయి. తండ్రి ప్రిన్స్‌టన్‌లో చదివిన అమ్మాయి, పడవల పోటీలో కోచ్ కళ్లలో పడిన పిల్లాడు, ఇలాంటివాళ్లు ఆ 88లో ఉండే ఉంటారు. మీ అమ్మాయికి ఆ నాలుగు దారుల్లో ఒక్కటీ లేదు. కాబట్టి ఆమెకు పదహారు శాతం వర్తించదు. అలాగే మీ టౌన్‌లోని ఆ 420 మందిలో అలాంటి కాలేజీలకు అసలు అప్లై చేయనివాళ్లు చాలామంది ఉంటారు, కాబట్టి అయిదు శాతమూ ఆమెది కాదు.

ఆ స్కూల్లో కాలేజీ అప్లికేషన్ల విషయం చూసే కౌన్సిలర్‌కి ఈ వారమే ఒక మెయిల్ పెట్టండి. "ఈ 88 మందిలో తల్లిదండ్రుల పూర్వ సంబంధం, ఆటల రిక్రూట్‌మెంట్, విరాళాలు, ఫ్యాకల్టీ పిల్లలు పోగా ఎంతమంది? మా అమ్మాయిలాంటి పిల్లలు గత రెండేళ్లలో ఎక్కడెక్కడ చేరారు?" అని అడగండి. అంకె ఇవ్వకపోవచ్చు. కానీ మంచి కౌన్సిలర్ అయితే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు మాట్లాడతారు. మళ్లీ ఆ పుస్తకమే పంపిస్తే అదీ మీకొక సమాచారమే.

ఇంకో సంగతి. ఆ స్కూలు పిల్లల్ని పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి ఏరుకుంటుంది. ఏరుకున్న పిల్లలు ఎక్కడున్నా బాగానే చదివేవాళ్లు. వర్జీనియా యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ పియాంటా, ఆర్య అన్సారీ వెయ్యి మందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి పదిహేనేళ్లు వచ్చేదాకా గమనించిన సమాచారంతో 2018లో ఒక పరిశోధన ప్రచురించారు. పైకి చూస్తే ప్రైవేట్ స్కూళ్ల పిల్లలు అన్నిట్లోనూ ముందున్నారు. కుటుంబ ఆదాయం లాంటివి లెక్కలోకి తీసుకున్నాక ఆ ఆధిక్యం కరిగిపోయింది. మీ ఇంట్లో ఆ ఆదాయం, ఆ పుస్తకాలు, ఆ పట్టుదల ఇప్పటికే ఉన్నాయి.

ఇంతా చెప్పి, మీవారి మాటలో పస లేదనను. ఉంది. 2023 జులైలో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ ఐవీ లీగ్ ఎనిమిదింటితో పాటు స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగోల అడ్మిషన్ల మీద పెద్ద పరిశోధన బయటపెట్టారు. కాలేజీ ప్రవేశాలకు రాసే ఎస్ఏటీ పరీక్షలో ఒకే స్కోరున్నా, బాగా డబ్బున్న ఒక శాతం కుటుంబాల పిల్లలు మధ్యతరగతి పిల్లల కన్నా రెట్టింపుకు మించిన అవకాశంతో అక్కడ చేరుతున్నారని తేలింది. కారణాలు మూడన్నారు. మొదటి రెండూ నేను పైన చెప్పినవే, పూర్వ విద్యార్థుల పిల్లలు, ఆటగాళ్లు. మూడోది చదువేతర రేటింగులు. వ్యక్తిత్వం, చొరవ, ఆసక్తులు లాంటి వాటికి కాలేజీలు వేసే మార్కులన్నమాట. చర్చితో సంబంధం లేని ప్రైవేట్ హైస్కూళ్ల పిల్లలకు ఆ రేటింగులు ఎక్కువగా పడుతున్నాయి. అవి ఊరికే గాల్లోంచి రావు. అందులో కొంత భాగం టీచర్లు, కౌన్సిలర్లు రాసే ఉత్తరాల నుంచి వస్తుంది. ఇది నాకు బయటి నుంచి విన్న విషయం కాదు.

నేను 22 ఏళ్లు పెన్సిల్వేనియాలో ఒక పబ్లిక్ హైస్కూల్లో లెక్కలు చెప్పాను. అక్టోబర్ వస్తే రాత్రిళ్లు రెకమెండేషన్ లెటర్లు రాయడమే పని. ఒక ఏడాది 34 రాశాను. చాలా కాలేజీలకు ఉమ్మడిగా అప్లై చేసే కామన్ యాప్‌లో ఉత్తరంతో పాటు ఒక పట్టిక నింపాలి. ఎడమ వైపు వరసగా గుణాలు: చదువులో ప్రతిభ, రాత, క్లాసు చర్చలో పాల్గొనే తీరు, ఎదురుదెబ్బ తగిలితే నిలదొక్కుకోవడం, తోటివాళ్ల పట్ల శ్రద్ధ. పైన గడులు సగటు కన్నా తక్కువ దగ్గర మొదలై "నేను చూసిన అతి కొద్దిమందిలో ఒకరు" దాకా వెళ్తాయి. ఒక అమ్మాయి ఉండేది. కాలిక్యులస్ క్లాసులో కిటికీ పక్కన మూడో బెంచీ. సగటున 97 మార్కులు. నోరు విప్పి ఏడాదిలో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండదు. రాత, ప్రతిభ దగ్గర ఆలోచించకుండా పై గడి నొక్కాను. చర్చ అన్న వరస దగ్గరకు వచ్చేసరికి మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు చూసి "బాగుంది" అన్న మధ్య గడి నొక్కాను. తప్పు ఆ పిల్లది కాదు. 42 నిమిషాల పీరియడ్‌లో 31 మంది ఉండేవాళ్లు, నేను ఆమెను అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మీ అమ్మాయి గురించి చదివినప్పుడు నాకు ఆ కిటికీ బెంచీ గుర్తొచ్చింది. పన్నెండు మంది కూర్చునే టేబుల్ దగ్గర ఏ టీచరూ ఆ గడి దగ్గర తడబడరు.

కౌన్సిలర్ల సంగతీ అంతే. ఒక్కో స్కూల్ కౌన్సిలర్‌కి 250 మందికి మించి పిల్లలు ఉండకూడదని అమెరికన్ స్కూల్ కౌన్సిలర్ అసోసియేషన్ సిఫార్సు. దేశ సగటు 370కి పైనే. మీ టౌన్‌లో 240 అని రాశారు కాబట్టి మీరు నయమే. ప్రైవేట్ స్కూల్లో పదకొండో గ్రేడ్ నుంచి కాలేజీ పనికే ఒక మనిషి ఉండి, ఆవిడ చేతిలో 35 మందే ఉంటారని రాశారు. ఈ తేడా నిజమైన తేడా, కాదనడానికి లేదు. అయితే దీన్ని కొంత పూడ్చుకునే దారి ఉంది. చాలా పబ్లిక్ హైస్కూళ్లలో పదకొండో గ్రేడ్ చివర తల్లిదండ్రులకు, పిల్లలకు ఒక ప్రశ్నపత్రం ఇస్తారు, బ్రాగ్ షీట్ అంటారు. మనవాళ్లు దాంట్లో "కష్టపడే స్వభావం, క్రమశిక్షణ, కూచిపూడి, వయొలిన్" అని రాసి పంపేస్తారు. 240 మంది తల్లులూ అదే రాస్తే కౌన్సిలర్ మాత్రం ఏం చేస్తారు? మీరు ఆ కారు ప్రయాణం రాయండి. అమ్మాయి ఆరోజు ఏ రాజు గురించి, ఏ యుద్ధం గురించి మాట్లాడిందో రాయండి. కౌన్సిలర్ ఉత్తరంలోకి ఆ వాక్యాలే నడిచి వెళ్తాయి.

ఇక స్కూలు పేరు చూసి కాలేజీ వాళ్లు మొగ్గుతారా అన్న ప్రశ్న. ప్రతి అప్లికేషన్‌తో పాటు స్కూలు తన వివరాల పత్రం ఒకటి పంపుతుంది. ఎన్ని పైస్థాయి కోర్సులు ఉన్నాయి, మార్కులు ఎలా వేస్తారు, పిల్లలు ఎక్కడెక్కడికి వెళ్తున్నారు, అన్నీ అందులో ఉంటాయి. కౌన్సిలర్ ఫారంలో అడిగేదీ ఇదే: ఈ స్కూల్లో దొరికే కోర్సుల్లో ఈ విద్యార్థి తీసుకున్నవి ఎంత కఠినమైనవి అని. అంటే పిల్లను ఆమె స్కూల్లోనే పెట్టి చూస్తారు. టౌన్ హైస్కూల్లో ఆమె పక్కన 420 మంది, ప్రైవేట్‌లో 110 మంది. ఆ 110 మందీ ఏరి తెచ్చినవాళ్లు. అక్కడ బి ప్లస్‌లు వస్తే "కఠినమైన స్కూలు కదా" అని కాలేజీ సర్దుకుపోతుందని చాలామంది అనుకుంటారు. కొంత సర్దుకుంటుంది. కానీ అదే స్కూల్లో 'ఏ' గ్రేడ్ తెచ్చుకున్న పిల్లలు పక్కనే ఉంటారు కదా.

మీ టౌన్‌లో మన పిల్లలు, గుజరాతీ పిల్లలు, చైనా పిల్లలు ఎక్కువ, అందరూ ఒకే మూసలో అప్లై చేస్తారు, ఆ గుంపులో కలిసిపోతుందేమోనని మీవారి భయం. ఒకే మూసలో ఉన్నవాళ్లకు ఆ భయం సబబే. రోబోటిక్స్, గణిత పోటీలు, కంప్యూటర్ సైన్స్ అంటూ ఒకే స్కూల్ నుంచి అరవై అప్లికేషన్లు వెళ్తుంటే, చదివే అధికారికి ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియడం కష్టమే. మీ అమ్మాయి ఆ వరసలోనే లేదు. ఆమెది చరిత్ర. ఆమెను బలవంతంగా ఆ వరసలో నిలబెట్టకపోతే చాలు. ఆ టౌన్ హైస్కూల్లో నేషనల్ హిస్టరీ డే పోటీకి పిల్లల్ని తయారుచేసే టీచర్ ఉన్నారా, మోడల్ యునైటెడ్ నేషన్స్ (ఐక్యరాజ్యసమితి తరహా చర్చలు), స్కూలు పత్రిక ఎలా నడుస్తున్నాయి అని వెళ్లి కనుక్కోండి. మీ ఉత్తరంలో ప్రైవేట్ స్కూలుకు మూడుసార్లు వెళ్లినట్టు ఉంది. పక్కవీధిలో ఉన్న టౌన్ హైస్కూల్లోకి ఒక్కసారి అడుగుపెట్టినట్టు లేదు. ఏటా మీరు కట్టే 14 వేల ప్రాపర్టీ టాక్సులో పెద్ద భాగం పోయేది ఆ స్కూళ్లకే.

మంచి పబ్లిక్ స్కూళ్లన్నీ పిల్లలకు హాయిగా ఉంటాయని కూడా అనుకోవద్దు. మీ రాష్ట్రంలోనే వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో డిస్ట్రిక్ట్‌లో పిల్లల మీద ఒత్తిడి చేయి దాటిపోయిందని 2015లో సూపరింటెండెంట్ తల్లిదండ్రులకు పదహారు పేజీల ఉత్తరం రాశారు. హైస్కూల్లో మిడ్‌టర్మ్, ఫైనల్ పరీక్షలు ఎత్తేశారు, కొన్ని రాత్రులు హోంవర్క్ ఉండదన్నారు. అప్పుడు తల్లిదండ్రులు రెండుగా చీలిపోయారు, మనవాళ్లలో చాలామంది ఆ మార్పులు వద్దన్న పక్షాన నిలబడ్డారు. ప్రైవేట్ స్కూళ్లలోనూ ఒత్తిడి ఉంటుంది, తలుపులు మూసి ఉంటాయి కాబట్టి బయటికి వినిపించదు.

బావగారి అబ్బాయి పోలిక మాత్రం దయచేసి పక్కన పెట్టండి. టెక్సాస్ లెక్కే వేరు. అక్కడ హైస్కూల్లో పై వరసలో ఉన్నవాళ్లకు రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటిచ్చే చట్టం 1997 నుంచి ఉంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీకి ఆ గీత 2026లో చేరేవాళ్ల నుంచి పై 5 శాతానికి వచ్చింది. అక్కడ కఠినమైన ప్రైవేట్ స్కూలుకు మారితే చేతిలో ఉన్న గ్యారంటీ సీటు జారిపోవచ్చు. కాలిఫోర్నియాలో ఇంకో తీరు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ఎస్ఏటీ చూడదు, రెకమెండేషన్ లెటర్లు కూడా సాధారణంగా అడగదు. అంటే బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ కోసమైతే ప్రైవేట్ స్కూలు ఉత్తరాల బలం అక్కడ అక్కరకు రాదు. ఆ రాష్ట్రాల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ఈ తేడాలు గుర్తుపెట్టుకోండి. న్యూజెర్సీలో అలాంటి చట్టం లేదు కాబట్టి మీకు అటు లాభమూ లేదు, ఇటు నష్టమూ లేదు.

ఇప్పుడు డబ్బు. ఫీజు ఏటా నాలుగు శాతం పెరుగుతుందనుకుంటే నాలుగేళ్లకు 2 లక్షల 4 వేల డాలర్లు. బస్సు, పుస్తకాలు, ట్రిప్పులు, విరాళాలు దీనికి అదనం. విరాళం బలవంతం లేదంటారు గానీ ఏటా ఫోన్ వస్తుంది. అమ్మాయి పన్నెండులో ఉండగా అబ్బాయి తొమ్మిదిలోకి వస్తాడు. ఆ ఏడాది రెండు ఫీజులు. ఆ తర్వాత మూడేళ్లు అతని స్కూలు ఫీజు, ఆమె కాలేజీ ఫీజు ఒకేసారి. ఐవీ లీగ్ కాలేజీల్లో హాస్టల్, భోజనాలతో కలిపి ఏడాదికి దాదాపు 90 వేలు. 2025-26 నుంచి 2 లక్షల ఆదాయం దాకా ట్యూషన్ లేదని హార్వర్డ్, రెండున్నర లక్షల దాకా చాలా కుటుంబాలకు లేదని ప్రిన్స్‌టన్ ప్రకటించాయి. మీ 2 లక్షల 60 వేలు ఆ రెండు గీతలకూ పైనే ఉంది. కాబట్టి మీవారు కోరుకున్న సీటు వచ్చినా, పెద్ద భాగం మీరే కట్టాల్సి రావచ్చన్న లెక్కతోనే ఉండండి. మీ రాష్ట్ర యూనివర్సిటీ రట్గర్స్‌లో అయితే రాష్ట్రవాసులకు హాస్టల్‌తో కలిపి ఏడాదికి దాదాపు 35 వేలు.

వీసా సంగతి మీరు రెండు వాక్యాల్లో దాటేశారు, నాకు మాత్రం అన్నిటికన్నా బరువైనది అదే అనిపించింది. మీవారి ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి హెచ్-1బి మీద 60 రోజులు గడువు. మీ ఈఏడీ ఆయన స్టేటస్‌నే పట్టుకుని ఉంది. ప్రైవేట్ స్కూలు కాంట్రాక్టులో మామూలుగా ఒక షరతు ఉంటుంది: ఫలానా తేదీ దాటాక పిల్లను మానిపించినా ఏడాది ఫీజు మొత్తం కట్టాల్సిందే. ఆ తేదీ ఎప్పుడో, ఎన్నో పేజీలో ఉందో ఈ రాత్రే చూడండి. స్కూలు ద్వారా ట్యూషన్ ఇన్సూరెన్స్ ఉంటే, ఉద్యోగం పోవడం, దేశం వదిలి వెళ్లాల్సి రావడం దాంట్లోకి వస్తాయో లేదో రాతపూర్వకంగా అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేస్తున్నారు, ఆ చిన్న అక్షరాలు చదవడం మీకు నాకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు మీ ముందున్న దార్లు చూద్దాం.

ఐవీ సీటు కోసమే అయితే, నేనైతే ఆ సంతకం పెట్టను. ప్రైవేట్ స్కూలు వల్ల అవకాశం కాస్త పెరగొచ్చు. అది మూడు రెట్లు కాదు, మంగళగిరి స్థలం ఖరీదు అసలే కాదు. నాలుగేళ్లు ఆ లెక్కతో గడిపితే, ప్రతి రిపోర్టు కార్డూ ఆ రెండు లక్షలకు వడ్డీలా కనిపిస్తుంది, అమ్మాయికి అది తెలిసిపోతుంది. పన్నెండో గ్రేడ్ మార్చిలో ఉత్తరాలు వచ్చాక రట్గర్స్ ఆనర్స్ కాలేజీ వచ్చిందనుకోండి. ఎంతో మంచి చోటు అది. మీ ఇంట్లో మాత్రం ఆరోజు ఎవరూ అన్నం తినరు.

ఆ టేబుల్ కోసమైతే నా మాట వేరు. మూడేళ్లుగా నోరు విప్పని పిల్ల ఒక క్లాసు చూసి నలభై నిమిషాలు మాట్లాడిందంటే అది చిన్న సంగతి కాదు. పదమూడేళ్ల వయసులో మాట్లాడటం అలవాటైతే, కాలేజీ ఏదైనా ఆ అలవాటు వెంట వస్తుంది. స్థలం ముట్టకుండా, ఏడాది ఇంటిఖర్చు బ్యాంకులో ఉంచుకుని, ఇద్దరు పిల్లల రట్గర్స్ ఖర్చు పక్కన పెట్టి, అప్పటికీ ఈ ఫీజు కట్టగలిగితే కట్టండి. అది వృథా ఖర్చని ఎవరన్నా నేనొప్పుకోను. అయితే ముందు ఒక పని. సీటొచ్చిన పిల్లలకు పెట్టే ప్రత్యేక సందర్శన రోజున కాక, మామూలు మంగళవారమో బుధవారమో మళ్లీ ఒకసారి పంపమని అడగండి. ఈసారి హిస్టరీతో పాటు ఆమెకు అంతగా ఇష్టం లేని సబ్జెక్టు క్లాసులో కూడా కూర్చోబెట్టండి. భోజనానికి ఎవరి పక్కన కూర్చుందో సాయంత్రం అడగండి. స్కీ సెలవులు, బీచ్ ఇళ్ల గురించి మాట్లాడుకునే పిల్లల మధ్య ఆమెకు ఎలా అనిపించిందో అక్కడే తెలుస్తుంది.

మూడో దారి, తొమ్మిదో గ్రేడ్ టౌన్ హైస్కూల్లో చేర్చి, ఏడాది చూసి, కావాలంటే పదో గ్రేడ్‌కి మళ్లీ ప్రైవేట్‌కి అప్లై చేయడం. అప్పుడు సీట్లు తక్కువ ఉంటాయి, రాకపోవచ్చు. కానీ ఒక ఏడాది ఫీజు మిగులుతుంది, అమ్మాయి అక్కడ నోరు విప్పుతుందో లేదో కళ్లారా చూస్తారు. ఆ ఏడాది ఆమె మీద మీరు పెట్టగలిగిన పని ఒకటుంది. వారానికి ఒకరోజు స్కూలయ్యాక హిస్టరీ టీచర్ దగ్గరకు వెళ్లి ఒక్క ప్రశ్న అడగమనండి. ముప్పై మంది ముందు మాట్లాడలేని పిల్లలు ఒక్కరి ముందు బాగా మాట్లాడతారు. కాలేజీ ఉత్తరాలు సాధారణంగా పదకొండో గ్రేడ్ టీచర్లు రాస్తారు కాబట్టి అప్పటికి ఈ అలవాటు కుదిరితే చాలు. నేను ఆ కిటికీ బెంచీ అమ్మాయికి ఈ మాట చెప్పి ఉండాల్సింది.

ఇంకో దారి ఆమెకు దాటిపోయింది గానీ అబ్బాయికి ఉంది. మీ రాష్ట్రంలో చాలా కౌంటీలు నడిపే మ్యాగ్నెట్ అకాడమీలు, అంటే పిల్లల్ని ఏరి చేర్చుకునే పబ్లిక్ హైస్కూళ్లు, ఉన్నాయి. ఎడిసన్‌లోని మిడిల్‌సెక్స్ కౌంటీ అకాడమీ, హ్యాకెన్‌సాక్‌లోని బర్గెన్ కౌంటీ అకాడమీస్ లాంటివి. చిన్న స్కూళ్లు, ఫీజు లేదు. ఏ కౌంటీలో ఉంటే ఆ కౌంటీదానికి ఎనిమిదో గ్రేడ్‌లో ఉండగానే అప్లై చేయాలి. అబ్బాయి ఏడో గ్రేడ్‌లోకి వచ్చేసరికి గడువు తేదీలు కనుక్కుని పెట్టుకోండి. దీని వల్ల "అక్కకు పెట్టి తమ్ముడికి పెట్టరా" అన్న ప్రశ్నకు మీ దగ్గర ఒక జవాబైనా ఉంటుంది.

మీవారితో మాట్లాడేటప్పుడు "డబ్బు లేదు" అని మొదలుపెట్టకండి. ఆయనకు అది కూతురి కోసం తెగించలేకపోవడంలా వినిపిస్తుంది. నాన్నలకు, అందులోనూ అన్నగారి కొడుకు కార్నెల్‌లో ఉన్న నాన్నలకు, ఆ మాట ఎక్కడో తగులుతుంది. కాగితం మీద రెండు వరసలు గీసి, పదకొండేళ్ల ఖర్చు ఇద్దరూ కలిసి ఆయన చేత్తోనే వేయించండి. అడుగున ఏ అంకె తేలుతుందో చూశాక, "ఇందులో ఎంత సీటు కోసం, ఎంత అమ్మాయి కోసం?" అని అడగండి. ఆయన చెడ్డ ఉద్దేశంతో ఏమీ అనడం లేదు, మీకూ తెలుసు.

ఫీజు సంగతి అమ్మాయికి చెప్పాలా అని అడిగారు. చెప్పండి. పదమూడేళ్ల పిల్లకు 48 వేలు అంటే ఏమిటో తెలుసు, స్కూలు వెబ్‌సైట్‌లో ఆ అంకె ఇప్పటికే చూసి ఉంటుంది, "మీ ఇష్టం" అనడానికి అదే కారణమైనా కావచ్చు. ఇంత ఖర్చవుతుంది, ఇంతవరకు మేం పెట్టగలం, ఇంతకు మించి పెట్టలేం, నీకు ఏమనిపిస్తోంది అని అడగండి. స్థలం అమ్మాలన్న ఆలోచన మాత్రం ఆమె చెవిన పడనివ్వకండి. అత్తయ్యగారితో ఫోన్‌లో ఆ మాట వచ్చినప్పుడు మీవారిని గరాజ్‌లోకో, బయటికో వెళ్లి మాట్లాడమనండి. ఆ గోడకు అవతలే కదా అమ్మాయి గది.